ఆగిపోయిన సీసా, డీఏపీ బస్తా, మన సుబ్బారావు గారు

డీఏపీ బస్తా చూడని తెలుగువాడు ఉంటాడనుకోను. సొంత పొలం లేకపోయినా పల్లెవెలుగు బస్సులో మన కాళ్ళ దగ్గర ఎవరిదో ఒక బస్తా ఉండే ఉంటుంది. డైఅమ్మోనియం ఫాస్ఫేట్. వరికీ, మిరపకీ, పత్తికీ వేసే ఎరువు. విచిత్రమేంటంటే, అమెరికాలో, ఇంగ్లండులో ఇంట్లోనే ఆపిల్ రసం పులియబెట్టుకునేవాళ్ళు 'ఈస్ట్ న్యూట్రియంట్' అని కొనుక్కునే తెల్లపొడిలో ముఖ్యమైన సరుకు చాలాసార్లు ఇదే. శుద్ధి చేసిన, తినదగ్గ రకం లెండి. బస్తా విప్పి సీసాలో పోసుకుని నన్ను తిట్టకండి :-)

ఆపిల్ రసం పులిస్తే వచ్చేదాన్ని సైడర్ అంటారు. (అమెరికాలో సైడర్ అంటే పులియని రసం, పులిసినదాన్ని హార్డ్ సైడర్ అంటారు. ఇంగ్లండులో సైడర్ అంటేనే పులిసినది.) సియాటిల్లో ఉండే నా స్నేహితుడొకడు ఐదు గాలన్ల రసం తెచ్చి ఈ ప్రయోగం మొదలెట్టాడు. రసంలో చక్కెర ఎంతుందో చూడ్డానికి హైడ్రోమీటర్ అని ఒక గాజు గొట్టం ఉంటుంది. మొదట్లో 1.050 చూపిస్తుంది. చక్కెర అంతా ఆల్కహాల్ అయిపోతే 1.000కో, ఇంకా కిందకో దిగుతుంది. మావాడిది 1.020 దగ్గర ఆగిపోయింది. వారమైనా కదల్లేదు. అడిగినవాళ్ళందరూ తలో సలహా ఇచ్చారు. వెచ్చటి గదిలో పెట్టు, ఊపు, కొత్త ఈస్ట్ వెయ్యి, న్యూట్రియంట్ వెయ్యి. వాడు నాలుగూ ఒకే రోజు చేసేశాడు. మూడోరోజుకి బుడగలొచ్చాయి. "ఏది పనిచేసిందిరా?" అంటే "ఏదో ఒకటి" అన్నాడు.

మన ప్రొడక్షన్ సర్వర్ల సంగతి గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. సర్వర్ రీస్టార్ట్ చేశాం, కాష్ ఖాళీ చేశాం, కాన్ఫిగరేషన్ మార్చాం, పనిచేసింది, టికెట్ మూసేశాం. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలీదు.

కానీ "పులియడం ఎందుకు ఆగింది?" అన్న ఇదే ప్రశ్నని కొంతమంది వదలకుండా పట్టుకున్నారు. నూట యాభై ఏళ్ళ పాటు. ఆ పట్టుదలలోంచి బయోకెమిస్ట్రీ అనే శాస్త్రం పుట్టింది. ఆ కథ చివర్లో ఒక భీమవరం మనిషి కూడా ఉన్నాడు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

కథ లవోయిజేతో మొదలుపెడదాం. 1789లో అచ్చైన తన రసాయనశాస్త్ర గ్రంథంలో ఆయన పులియడాన్ని జమాఖర్చుల పద్దులాగా రాశాడు. లోపలికి ఇంత చక్కెర పోయింది, బయటికి ఇంత ఆల్కహాల్, ఇంత బొగ్గుపులుసు వాయువు వచ్చాయి, రెండు వైపులా బరువు సరిపోవాలి. ఫ్రెంచి విప్లవకాలంలో, 1794లో, ఆయన తల తీసేశారు. పద్దు మాత్రం మిగిలింది. పద్దులో లేనిది ఒక్కటే. ఈ పని చేసేది ఎవరు? ఈస్ట్ కలిపితే పులుస్తుందని అందరికీ తెలుసు. మన ఇళ్ళల్లో పాలకి తోడు పెట్టినట్టే. కానీ ఆ తోడు చేసే పనేంటో ఎవరికీ తెలీదు. 1800లో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ దీని మీద కిలో బంగారు పతకం బహుమతిగా ప్రకటించింది. ఎవరూ గెలుచుకోలేదు.

1837లో ఫ్రాన్సులో కాన్యార్ దె లాతూర్, జర్మనీలో ష్వాన్, క్యూట్సింగ్ – ముగ్గురూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట చెప్పారు. ఈస్ట్ ప్రాణమున్న జీవి, మైక్రోస్కోపులో చూస్తే మొగ్గలు వేసి పెరుగుతోంది అని. ముగ్గురు స్వతంత్రంగా ఒకే బగ్ రిపోర్ట్ చేస్తే మనమైతే ప్రయారిటీ పెంచుతాం కదా? అప్పటి రసాయనశాస్త్ర పెద్దలు ఎగతాళి చేశారు. 1839లో లీబిగ్ నడిపే పత్రికలోనే పేరు లేకుండా ఒక వెటకారపు వ్యాసం వచ్చింది. రాసింది వోలర్, కారం దట్టించింది లీబిగ్. ఈస్ట్ అనే జంతువులు చక్కెర తిని, వెనక నుంచి ఆల్కహాల్, ముందు నుంచి వాయువు వదులుతాయట, వాటి మూత్రాశయం షాంపేన్ సీసాలా ఉంటుందట!

నవ్వొస్తుంది గానీ, లీబిగ్ మరీ మూర్ఖుడేం కాదు. 1828లో వోలర్ యూరియాని ప్రాణి సాయం లేకుండా గాజు పాత్రలో తయారుచేశాడు. 'ప్రాణశక్తి' అన్న పాత నమ్మకాన్ని రసాయనశాస్త్రం నుంచి వెళ్ళగొట్టడానికి వీళ్ళు అప్పుడప్పుడే దారి వేసుకుంటున్నారు. ఇంతలో ఎవరో వచ్చి "ఇది ప్రాణి చేసే పని" అంటే, గెంటేసిన దెయ్యం మళ్ళీ దొడ్డిదారిన వచ్చినట్టే అనిపించింది వాళ్ళకి. లీబిగ్ వాదన ప్రకారం ఈస్ట్ కుళ్ళిపోతూ, ఆ కదలికని పక్కనున్న చక్కెరకి అంటిస్తుంది. ప్రాణంతో పని లేదు.

ఇక్కడ పాశ్చర్ వచ్చాడు. 1854లో లీల్ నగరంలో కొత్తగా పెట్టిన సైన్సు కళాశాలకి డీన్‌గా చేరాడు. 1856లో బిగో అనే వ్యాపారి ఆయన దగ్గరకొచ్చాడు. బీట్ దుంపల రసం నుంచి ఆల్కహాల్ తీసే ఫ్యాక్టరీ ఆయనది. కొన్ని తొట్లలో ఆల్కహాల్ బదులు పుల్లటి రసం మిగులుతోంది. పాశ్చర్ రెండు రకాల తొట్ల నుంచీ శాంపిల్స్ తీసుకుని మైక్రోస్కోప్ కింద పెట్టాడు. మంచి తొట్లలో గుండ్రటి ఈస్ట్ గింజలు. చెడిన తొట్లలో వాటికన్నా చాలా చిన్నవైన వేరే జీవులు, వాటితో పాటు లాక్టిక్ ఆమ్లం. (బిగో వల్లే పాశ్చర్ ఇటు తిరిగాడని కథ చెప్తారు గానీ, అమైల్ ఆల్కహాల్ మీద పని చేస్తూ ఆయన అంతకుముందే ఇటువైపు చూస్తున్నాడు. బిగో ఫ్యాక్టరీ మంచి టెస్ట్ డేటా ఇచ్చింది, అంతే.) 1857లో లాక్టిక్ పులియడం మీద పత్రం చదివాడు. పాలు విరిగినా, రసం పులిసినా, దేనికి దాని జీవి వేరు అని అందులో సారాంశం.

నాకు ఇంతకన్నా నచ్చింది 1860 నాటి ప్రయోగం. ఈస్ట్ నిజంగా బతికే జీవే అయితే, దానికి తిండి కావాలి కదా? చక్కెర ఒక్కటే చాలదు, ఒళ్ళు పెరగాలంటే నత్రజని కావాలి. పాశ్చర్ శుద్ధమైన చక్కెర నీళ్ళు తీసుకున్నాడు. అందులో నత్రజని కోసం అమ్మోనియం లవణం కలిపాడు. ఖనిజాల కోసం ఈస్ట్‌ని కాల్చిన బూడిద వేశాడు. ఆ బూడిదలో ముఖ్యంగా ఉండేవి ఫాస్ఫేట్లు. చివరగా చిటికెడు ఈస్ట్. కుళ్ళడానికి ఇందులో మాంసకృత్తులేమీ లేవు. అయినా పులిసింది, ఈస్ట్ పెరిగింది. లీబిగ్ సిద్ధాంతం ప్రకారం ఇది జరక్కూడదు.

అమ్మోనియం, ఫాస్ఫేట్. ఎక్కడో విన్నట్టు లేదూ? డీఏపీ అన్న మూడక్షరాల్లో ఉన్నవి అవే. మావాడి సీసాలో పడ్డ తెల్లపొడికి అసలు తాతయ్య ఈ 1860 ప్రయోగమే.

సైడర్‌కి ఇది మరీ ముఖ్యం. ద్రాక్షరసంతో పోలిస్తే ఆపిల్ రసంలో నత్రజని సాధారణంగా తక్కువ. ఎరువు వెయ్యని ముసలి తోటల కాయల్లో మరీ తక్కువ. అంటే ఈస్ట్‌కి చక్కెర అనే అన్నం కుండ నిండా ఉంది, పప్పు లేదు. ఇంగ్లండు పల్లెల్లో ఆగిపోయిన పీపాల్లో మాంసం ముక్క పడేసేవాళ్ళని, ఎలకలు పడినా తీసేవాళ్ళు కాదని కథలు చెప్పుకుంటారు. వినడానికి వాంతి వస్తుంది గానీ, లెక్క ప్రకారం తప్పు లేదు. మాంసమంటే నత్రజనే. కారణం తెలియకుండానే దొరికిన పాచ్ అన్నమాట.

ఇంకో తమాషా. ఫ్రాన్సులో నార్మండీ వైపు ఈ ఆగిపోవడాన్నే కావాలని తెచ్చుకుంటారు. చలికాలంలో రసాన్ని కదపకుండా ఉంచితే అందులోని పెక్టిన్ గడ్డకట్టి, గోధుమరంగు టోపీలా పైకి తేలుతుంది. దాంతోపాటు ఈస్ట్ చాలావరకు, పోషకాలు కొన్ని పోతాయి. మధ్యలో తేటగా ఉన్న రసాన్ని వేరే పీపాలోకి తీస్తే అది నెలల తరబడి నత్తనడకన పులిసి, తీపి మిగిలుండగానే నిలిచిపోతుంది. అదే అక్కడి మేలిరకం సైడర్. మావాడికి బగ్, వాళ్ళకి ఫీచర్ :-)

ఇంగ్లండువాళ్ళు దీన్ని శాస్త్రంగా పట్టించుకోవడం 1893లో మొదలైంది. సోమర్సెట్‌లో నెవిల్ గ్రెన్‌విల్ అనే భూస్వామి ఎస్టేట్‌లో లాయిడ్ అనే రసాయన శాస్త్రవేత్త ఏటేటా కొలతలు తీశాడు. దాని కొనసాగింపుగా 1903లో బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్‌లో సైడర్ కోసమే ఒక పరిశోధనా సంస్థ పెట్టారు. సరిగ్గా వందేళ్ళు నడిచి 2003లో మూతపడింది. అక్కడి బార్కర్, హిల్లియర్ 1912లో 'సైడర్ జబ్బు'కి కారణం ఒక బాక్టీరియా అని చూపించారు. ఇప్పుడు దాన్ని జైమోమొనాస్ అంటున్నారు. ఇదే కుటుంబం బాక్టీరియా తాటిజాతి చెట్ల కల్లులో కూడా ఉంటుంది. అక్కడ అది జబ్బు కాదు, పనిమంతుడు. ఎక్కడ ఉన్నామన్నదాన్ని బట్టే మనకీ పేరొస్తుంది, చెడ్డపేరూ వస్తుంది.

మళ్ళీ పాశ్చర్ దగ్గరకి వద్దాం. 1870 ప్రాంతంలో లీబిగ్ ఎదురుదాడి చేశాడు. "నీ చక్కెర, అమ్మోనియా, బూడిద ప్రయోగం నేను చేశాను. నాకు ఈస్ట్ పెరగలేదు" అన్నాడు. పాశ్చర్ "అకాడమీ కమిషన్ ముందు ఎంత ఈస్ట్ కావాలంటే అంత పెంచి చూపిస్తా" అని సవాల్ విసిరాడు. లీబిగ్ రాలేదు. 1873లో చనిపోయాడు. పాశ్చర్ గెలిచాడని చరిత్ర రాసేసుకున్నారు.

కానీ 1901లో బెల్జియంలో వైల్డియర్స్ అనే కుర్ర పరిశోధకుడు ఈ పాత ఫైలు మళ్ళీ తెరిచాడు. చూస్తే, పాశ్చర్ ద్రావణంలో చాలా కొద్దిగా ఈస్ట్ వేస్తే అది పెరగడం లేదు. కాస్త ఎక్కువ వేస్తే పెరుగుతోంది. అంటే మొదట వేసే ఈస్ట్‌తో పాటు, దాని ఒంట్లోని ఏదో సేంద్రియ పదార్థం కూడా రసంలోకి వస్తోంది. అది లేకపోతే పని జరగదు. దానికి 'బయోస్' అని పేరు పెట్టాడు. తర్వాత్తర్వాత అది ఒక్కటి కాదని, బయోటిన్, థయమిన్ లాంటి విటమిన్ల గుంపని తేలింది. అంటే లీబిగ్ సిద్ధాంతం తప్పే అయినా "నాకు రావట్లేదు" అన్న ఆయన ఫిర్యాదులో కొంత నిజం ఉండి ఉండొచ్చు! "నా మెషీన్లో పనిచేస్తోంది" అన్న జవాబు పాశ్చర్ అంతటివాడు చెప్పినా సరిపోదు. రెండు మెషీన్ల మధ్య తేడా ఏంటో కనిపెట్టేదాకా ఆ టికెట్ తెరిచే ఉంచాలి.

లీబిగ్‌కి ఇంకో పాయింటు కూడా కలిసొచ్చింది, పాపం ఆయన పోయాక. 1897లో బుక్నర్ ఈస్ట్‌ని ఇసుకతో నూరి, గట్టిగా పిండి రసం తీశాడు. అందులో బతికున్న కణం లేదు. చెడిపోకుండా ఉండటానికి, మనం మామిడిపండ్లతో జామ్ చేసినట్టు, బోలెడు చక్కెర కలిపాడు. బుడగలు వచ్చాయి! ప్రాణం లేకుండానే పులిసింది. ఈస్ట్ తయారుచేసిన ఎంజైములు చాలు. పాశ్చర్ అన్నట్టు జీవి కావాలి, కానీ లీబిగ్ అన్నట్టు అది చేసే పని మాత్రం రసాయనమే. బుక్నర్‌కి 1907లో నోబెల్ వచ్చింది. 1917లో యుద్ధంలో గాయపడి చనిపోయాడు.

అయితే బుక్నర్ రసానికీ మావాడి జబ్బే. మొదట్లో బాగా పులిసేది, కాసేపటికి మందగించేది. లండన్‌లో లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ అనే ఇద్దరు 1904 నుంచి ఈ మందగింపు వెంట పడ్డారు. అదే ఈస్ట్ రసాన్ని మరిగించి కలిపారు. మరిగిస్తే ఎంజైములు చచ్చిపోతాయి, కాబట్టి ఏ ప్రయోజనమూ ఉండకూడదు. కానీ పులియడం ఊపందుకుంది. మరిగినా చావనిది అందులో ఏదో ఉంది. దాన్ని వెతుకుతూ పోతే ఒకటి ఫాస్ఫేట్ అని తేలింది. ఆగిపోతున్న రసంలో ఫాస్ఫేట్ వేస్తే ఒక్కసారిగా వాయువు పొంగేది. వేసిన ఫాస్ఫేట్‌కి సరిగ్గా సరిపడా వాయువు వచ్చాక మళ్ళీ మందగించేది. ఆ ఫాస్ఫేట్ ఏమైందని చూస్తే కనపడలేదు. చక్కెరకి అతుక్కుపోయి ఉంది.

మన భాషలో చెప్పాలంటే ఇది పక్కా కనెక్షన్ పూల్ లీక్. తీసుకున్న కనెక్షన్ తిరిగి ఇవ్వకపోతే కొంతసేపటికి పూల్ ఖాళీ, అప్లికేషన్ నిలబడిపోతుంది. నాలుగు కనెక్షన్లు పెంచితే కాసేపు నడిచి మళ్ళీ ఆగుతుంది. బతికున్న కణంలో ఫాస్ఫేట్ వాడుకుని మళ్ళీ వదిలే వ్యవస్థ ఉంటుంది. నూరి పిండిన రసంలో ఆ వదిలే భాగం దెబ్బతిన్నది. (జాగ్రత్త: మావాడి సీసాలో ఉన్నది బతికున్న ఈస్ట్. అక్కడ సాధారణంగా తక్కువయ్యేది నత్రజని, ఫాస్ఫేట్ కాదు. రెండు ఆగిపోవడాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, కారణాలు వేరు.) హార్డెన్‌కి 1929లో నోబెల్ వచ్చింది.

ఫాస్ఫేట్ కణంలో ఎవరికి అతుక్కుని, ఎప్పుడు విడిపోతోందో తెలియాలంటే ముందు దాన్ని కచ్చితంగా కొలవాలి. ఇక్కడ వస్తారు యెల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖాదీ కట్టినందుకు తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ బదులు దానికన్నా తక్కువ సర్టిఫికెట్‌తో బయటపడ్డారు. హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పనిచేశారు. 1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. శాంపిల్లో మాలిబ్డేట్, ఇంకో రసాయనం కలిపితే నీలం రంగొస్తుంది. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫేట్. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా వాడారు.

వాళ్ళు కండరం శాంపిల్‌తో చేస్తుంటే ఒక చిన్న తేడా కనిపించింది. రంగు వెంటనే స్థిరపడకుండా నెమ్మదిగా ముదురుతూ పోతోంది. ఇంకెవరైనా అయితే "రీడింగ్ కాస్త ఆలస్యంగా తీసుకుందాం" అని సరిపెట్టుకునేవాళ్ళు. వీళ్ళు సరిపెట్టుకోలేదు. ఏదో పదార్థం ఆ ద్రావణంలో మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ని వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. ఆ దారిలోనే 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. కండరం కదలడానికీ, ఈస్ట్ చక్కెరని విరగ్గొట్టడానికీ, మీరు ఈ వాక్యం చదవడానికీ వాడే శక్తి నాణెం ఏటీపీయే. హార్డెన్ రసంలో ఫాస్ఫేట్ ఎందుకు ఇరుక్కుపోయిందో దీంతోనే అర్థమైంది. బతికున్న కణం ఏటీపీని ఖర్చు పెడుతూ ఫాస్ఫేట్‌ని విడిపిస్తుంది. పిండిన రసంలో ఖర్చు పెట్టే నాథుడు లేడు.

ఇప్పుడు నా గోల. సుబ్బారావు గారి మీద మనకి వాట్సాప్ ఫార్వర్డులు బాగానే వస్తాయి. ఆయన అన్ని మందులూ ఒంటిచేత్తో కనిపెట్టారని, నోబెల్ కుట్రతో లాక్కున్నారని. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, అది నిజం. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళి ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందులు, ఆరియోమైసిన్, బోదకాలు మందు – వీటి వెనక బృందాలని నడిపారు. అదీ నిజం. 1948లో న్యూయార్క్‌లో పోయారు. ఇంత నిజం ఉండగా మనకి కుట్ర కథ ఎందుకు? ఆ ఫార్వర్డుల్లో ఎప్పుడూ కనపడనిది ఆ నీలం రంగు. ఆలస్యంగా ముదిరిన రంగుని "ఏదో ఒకటిలే" అనకుండా చూసిన కన్ను. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది, అది మనం నేర్చుకోగలిగింది కూడా.

నూట యాభై ఏళ్ళలో ముందుకు తీసుకెళ్ళినవన్నీ చూడండి. బిగో చెడిన తొట్లు, లీబిగ్‌కి పెరగని ఈస్ట్, హార్డెన్ మందగించిన రసం, భీమవరం మనిషి చూసిన ఆలస్యపు రంగు. అన్నీ అనుకున్నట్టు జరగని పనులే. సవ్యంగా నడిచే సిస్టమ్ మనకేమీ చెప్పదు. ఆగినప్పుడే నోరు విప్పుతుంది. అప్పుడు మనం నాలుగు మందులూ ఒకేసారి పోసి నోరు మూయించేస్తే, పని జరుగుతుంది, జ్ఞానం పోతుంది.

ఆన్‌కాల్‌లో రాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఇదంతా కుదరదంటారా? ఒప్పుకుంటాను. అప్పుడు రీస్టార్ట్ చెయ్యండి, పడుకోండి. కానీ ఒక్క లాగ్ కాపీ తీసి పక్కన పెట్టుకుని చెయ్యండి. పాశ్చర్ కూడా బిగో తొట్లు కడిగించడానికి ముందే శాంపిల్ తీసుకున్నాడు మరి.